ఎలుకల నుండి సోకే టైఫస్ జ్వరం: మెదడుకు చేరే ప్రమాదం, చేరువలో ఉన్న చికిత్స

(ప్రత్యేక వ్యాసం)

పిఠాపురం: గోదావరి డెల్టా ఉత్తరపు అంచున, ఏలేరు నీటితో పండే వరిపొలాల నడుమ గల పిఠాపురం ప్రాంతంలో జ్వరం అనగానే ముందుగా గుర్తుకు వచ్చేవి మలేరియా, డెంగీ, టైఫాయిడ్. 2025 సంవత్సరాంతంలో ఈ వరుసలో స్క్రబ్ టైఫస్ చేరింది. ఆ ఏడాది డిసెంబరు తొలి రోజులలో వెల్లడైన వైద్య ఆరోగ్య శాఖ లెక్కల ప్రకారం చిత్తూరు జిల్లాలో 379, కాకినాడ జిల్లాలో 141, విశాఖపట్నం జిల్లాలో 123 స్క్రబ్ టైఫస్ కేసులు నమోదయ్యాయి. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజన అనంతరం పిఠాపురం కాకినాడ జిల్లాలోనే ఉన్నది గనుక ఈ అంకెలు ఈ ప్రాంత ప్రజలలో సహజంగానే ఆందోళన కలిగించాయి.

స్క్రబ్ టైఫస్‌కు లభించిన ప్రచారం, దానికి దగ్గరి బంధువు అనదగిన మరొక జ్వరానికి లభించలేదు. ఎలుకల ఒంటిపై బ్రతికే ఫ్లీ అనే పురుగు ద్వారా మనుషులకు సోకే ఆ జ్వరం పేరు మ్యూరైన్ టైఫస్. అత్యధికులలో రెండు వారాలలోగా తగ్గిపోయే ఈ జ్వరం కొద్దిమందిలో మెదడును, దాని పొరలను తాకుతుంది. మనిషి మాట తడబడడం, ఫిట్స్ రావడం, స్పృహ తప్పడం జరిగినపుడు ఆ రోగిని ‘మెదడువాపు’ కేసుగా నమోదు చేయడం పరిపాటి. మెదడువాపు అనగానే మందు లేని వ్యాధి అనే భావన ప్రజలలో బలంగా నాటుకున్నది. టైఫస్ వలన వచ్చిన మెదడువాపుకు ఆ మాట వర్తించదు. కొద్ది రూపాయలకు లభించే డాక్సీసైక్లిన్ మాత్ర దానిని నయం చేస్తుంది. అయితే ఆ మాత్రను సకాలంలో తలచుకోవలసి ఉన్నది.

టైఫస్ వేరు, టైఫాయిడ్ వేరు

పేర్లలోని పోలిక కారణంగా వార్తలలో ఈ రెండు జ్వరాలు తరచు కలిసిపోతుంటాయి. టైఫాయిడ్ సాల్మొనెల్లా అనే బాక్టీరియా వలన, కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వచ్చే వ్యాధి. టైఫస్ వ్యాధులకు కారణం రికెట్సియా జాతి సూక్ష్మజీవులు. ఇవి పేను, ఫ్లీ, పిడుదు వంటి పురుగుల ద్వారా సంక్రమిస్తాయి. ‘టైఫస్’ అనేది గ్రీకు పదం. దానికి పొగ, పొగ కమ్మినట్లు మనసు మసకబారడం అని అర్థం చెబుతారు. ‘టైఫాయిడ్’ అంటే టైఫస్‌ను పోలినది అని మాత్రమే. అంటే మెదడు మందగించడమన్న లక్షణం ఈ వ్యాధికి పేరు పెట్టిన నాడే వైద్యుల కంటబడినదన్న మాట. తెలుగునాట పెద్దలు సన్నిపాత జ్వరమనీ, రోగి అసంబద్ధంగా పలవరిస్తే ‘సంధి పుట్టింది’ అనీ చెప్పుకునేవారు. ఆ మాటల వెనుక ఉన్న జ్వరాలు అనేకం కావచ్చును గాని, గమనించిన లక్షణం మాత్రం ఇదే.

టైఫస్‌లలో పేల ద్వారా వ్యాపించేది యుద్ధాలు, కరవుల కాలంలో లక్షలాది ప్రాణాలను బలిగొన్నది. పేలే దానిని వ్యాపింపజేస్తాయని 1909లో నిరూపించిన ఫ్రెంచి శాస్త్రవేత్త షార్ల్ నికోల్‌కు 1928లో నోబెల్ బహుమతి లభించింది. ఎలుకల టైఫస్ వేరే వ్యాధి అన్న అవగాహన తరువాత వచ్చింది. పేలు లేని చోట్ల సైతం టైఫస్ కనిపించడం గమనించి, దీని మూలం ఎలుకలలో ఉండవచ్చునని 1926లో అమెరికా వైద్యుడు కెన్నెత్ మాక్సీ ఊహించారు. 1931లో బాల్టిమోర్ నగరంలో ఎలుకల ఒంటిపై సేకరించిన ఫ్లీ పురుగులలో ఆ సూక్ష్మజీవిని డయ్యర్ బృందం కనుగొన్నది. దాని పేరు రికెట్సియా టైఫి. ఈ జాతికి ఎవరి పేరు పెట్టారో ఆ హోవార్డ్ రికెట్స్ 1910లో మెక్సికోలో టైఫస్‌ను పరిశోధిస్తూ అదే వ్యాధికి బలైన శాస్త్రవేత్త.

ఎలా సోకుతుంది

ఎలుక ఫ్లీ రెక్కలు లేని, దూకే స్వభావం గల, రక్తం పీల్చే చిన్న పురుగు. ప్లేగు వ్యాధిని మోసేది కూడా ఇదే పురుగు. 1994లో సూరత్ ప్లేగు సందర్భంగా దేశమంతటా దీని పేరు వినిపించింది. వ్యాధి ఉన్న ఎలుక రక్తం త్రాగిన ఫ్లీ పేగులలో రికెట్సియా వృద్ధి చెంది దాని మలంతో బయటికి వస్తుంది. పురుగు కుట్టిన చోట దురద పుట్టి మనిషి గోకినపుడు, చర్మంపై పడిన ఆ మలం గోటి గీతల గుండా లోనికి చేరుతుంది. ఎండిన మలం ధూళిలో కలిసి శ్వాస ద్వారా, కంటి పొర ద్వారా చేరే అవకాశమూ కలదు. అందువలన ‘నన్ను ఏ పురుగూ కుట్టలేదు’ అని రోగి చెప్పినంత మాత్రాన వైద్యుడు ఈ అనుమానాన్ని వదలరాదు. ఒకరి నుండి మరొకరికి ఇది నేరుగా సోకదు. రోగిని వెలివేసినట్లు చూడవలసిన అగత్యం లేదు.

ఎలుకలు, ధాన్యం, మనుషులు ఒకే కప్పు క్రింద ఉండే చోటు ఈ పురుగుకు అనువైనది. ధాన్యం గోదాములు, రైస్ మిల్లులు, కిరాణా కొట్ల వెనుక గదులు, పెంకుటిళ్ళ అటకలు అటువంటివే. డెల్టా రైతుకు ఎలుక పాత శత్రువు. సార్వా, దాళ్వా కోతలు ముగిసి పొలంలో తిండి కరువైనపుడు ఎలుకలు గడ్డిమేట్ల వైపు, కొట్టాల వైపు మళ్ళుతాయి. వరద వచ్చినపుడూ అంతే. 2024 సెప్టెంబరులో ఏలేరు పొంగి పిఠాపురం, గొల్లప్రోలు పరిసరాలు నీట మునిగిన వంటి సందర్భాలలో బొరియలు మునిగి, ఎలుకలు మెరక చోట్లకు, అంటే మనుషుల ఇళ్ళకు చేరుతాయి. పొలంలో ఎక్కువగా కనిపించే ఎలుక జాతి వేరు, టైఫస్ విషయంలో ప్రధానమైన ఇంటి ఎలుక జాతి వేరు. కాని కొట్టం దగ్గర ఈ రెండూ కలుస్తాయి. పిల్లులు, కుక్కల ఒంటిపై ఉండే ఫ్లీలు సైతం కొన్ని దేశాలలో ఈ వ్యాధిని మోస్తున్నట్లు తేలింది.

జ్వరం నుండి మెదడు వరకు

సూక్ష్మజీవి ప్రవేశించిన ఒకటి రెండు వారాలకు హఠాత్తుగా జ్వరం, తీవ్రమైన తలనొప్పి, ఒళ్ళునొప్పులు మొదలవుతాయి. సుమారు సగం మందిలో ఛాతీ, పొట్టలపై ఎర్రటి దద్దుర్లు వస్తాయి. చామనఛాయ చర్మంపై అవి కంటికి ఆనకపోవడం సాధారణం. రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు తగ్గడం, కాలేయ ఎంజైములు పెరగడం కనిపిస్తుంది. ప్లేట్‌లెట్లు తగ్గాయనగానే డెంగీ అని నిర్ణయించుకునే అలవాటు రోగుల బంధువులలోనే గాక ఇతరత్రా కూడా ఉన్నది. స్క్రబ్ టైఫస్‌లో పురుగు కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్లుండే నల్లటి పక్కు అనేకులలో కనిపిస్తుంది. ఎలుకల టైఫస్‌లో ఆ ఆనవాలు ఉండదు.

మెదడుకు జరిగే హాని ఏమిటన్నది తెలుసుకుంటే మిగిలినదంతా సులభంగా బోధపడుతుంది. రికెట్సియా రక్తంలో ఊరికే తేలియాడే జీవి కాదు. అది సన్నని రక్తనాళాల లోపలి గోడకు పరచినట్లుండే కణాలలో దూరి, వాటి లోపలే పెరుగుతుంది. ఆ కణాలు దెబ్బతిన్న చోట నాళం గోడ వాచి, ద్రవం చుట్టుప్రక్కలకు కారుతుంది. చర్మంలో ఇది జరిగితే దద్దురు. ఊపిరితిత్తులలో జరిగితే దగ్గు, ఆయాసం. మెదడులోనూ, దాని పొరలలోనూ జరిగితే తలనొప్పి తీవ్రమై, మెడ బిగుసుకుని, వెలుగు చూడలేని స్థితి వస్తుంది. వాపు పెరిగిన కొద్దీ రోగి మగతగా పడి ఉండడం, సొంతవారిని పోల్చుకోలేకపోవడం, సంధి మాటలు, ఫిట్స్, తూలుతూ నడవడం కనిపిస్తాయి. కొందరిలో నరాలు విడిగా దెబ్బతిని మూతి వంకర పోవడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం, వినికిడి మందగించడం జరుగుతుంది. కంటి లోపలి నరం వాచి చూపు మసకబారిన సందర్భాలు కూడా వైద్య గ్రంథాలలో నమోదైనాయి.

ఈ లక్షణాలు చాలావరకు మొదటి రోజులలో రావు. జ్వరం మొదలైన వారం దాటిన పిమ్మట, రెండో వారంలో బయటపడతాయి. అప్పటికి రోగి రెండు మూడు చోట్ల చూపించుకుని, రెండు మూడు రకాల మందులు వాడి ఉంటాడు. ఈ వారం రోజుల వ్యవధే ఈ వ్యాధిలో అత్యంత విలువైన సమయం. ఆ లోపు సరైన మాత్ర పడితే మెదడు వరకు వెళ్ళే రోగులు అత్యల్పం.

వెన్నులో నీరు తీసి పరీక్షించినపుడు తెల్లకణాలు ఒక మోస్తరుగా పెరిగి, అందులో లింఫోసైట్లు అధికంగా ఉండి, ప్రొటీను కొద్దిగా హెచ్చి, చక్కెర సాధారణంగా మామూలుగానే ఉంటుంది. ఇటువంటి ఫలితాన్ని చూసినపుడు వైరస్ మెదడువాపు అని గానీ, క్షయ వలన కలిగిన మెదడుపొరల వాపు అని గానీ భావించడానికి ఆస్కారం కలదు. మొదటిదైతే ప్రత్యేకమైన మందు లేదని ఊరుకుంటారు. రెండోదైతే నెలల తరబడి క్షయ మందులు మొదలవుతాయి. రెండింటిలోనూ టైఫస్ ప్రస్తావనకు రాకుండా పోతుంది.

ఇంజెక్షన్ పని చేయని చోట

గ్రామాలలో, పట్టణాలలో తగ్గని జ్వరానికి సాధారణంగా ఇచ్చే మందు సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్. టైఫాయిడ్‌కు, బాక్టీరియా వలన కలిగే మెదడుపొరల వాపుకు అది మంచి మందే. కాని కణాల లోపల దాగి ఉండే రికెట్సియాపై పెనిసిలిన్, సెఫలోస్పోరిన్ తరగతుల మందులేవీ పని చేయవు. ఎంత ఖరీదైన ఇంజెక్షన్ అయినా ఇంతే. ఐదు రోజులు ఇంజెక్షన్లు పడినా జ్వరం దిగని రోగిలో టైఫస్‌ను అనుమానించాలని నిపుణులు చెప్పడానికి కారణం ఇదే. సల్ఫా మందులు రికెట్సియా వ్యాధులలో మేలు చేయకపోగా కీడు చేయవచ్చును.

పనిచేసే మందు డాక్సీసైక్లిన్. భారత వైద్య పరిశోధన మండలి, ఆరోగ్య పరిశోధన విభాగం 2015లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు రోజుకు రెండు పూటలా 100 మిల్లీగ్రాముల చొప్పున 7 రోజులు, 45 కిలోల లోపు బరువు గల పిల్లలకు బరువును బట్టి వైద్యులు నిర్ణయించిన మోతాదులో ఇవ్వాలి. గర్భిణులకు అజిత్రోమైసిన్ సూచించబడినది. స్పృహ లేని రోగికి డాక్సీసైక్లిన్‌ను నరం ద్వారా ఇస్తారు. సాధారణంగా మందు మొదలైన రెండు మూడు రోజులలోనే జ్వరం దిగుతుంది. మెదడు తాకిడి గల రోగిలో కోలుకోవడం మరికొంత నెమ్మదిగా ఉండవచ్చును. మాత్రను నిండు గ్లాసు నీటితో వేసుకుని, వెంటనే పడుకోకుండా ఉండాలి. లేనిచో అన్నవాహిక పుండు పడే ప్రమాదమున్నది.

పిల్లలకు డాక్సీసైక్లిన్ ఇస్తే పళ్ళు పచ్చబడతాయన్న భయం తల్లిదండ్రులలోనే గాక కొందరు వైద్యులలో సైతం ఉన్నది. అది పాత టెట్రాసైక్లిన్ల నాటి అనుభవం. కొద్ది రోజుల పాటు వాడిన డాక్సీసైక్లిన్ వలన పిల్లల పళ్ళపై మరకలు ఏర్పడలేదని 2015లో అమెరికాలో ప్రచురితమైన పరిశీలన తేల్చింది. టైఫస్ అనుమానం ఉన్న బిడ్డకు పళ్ళ రంగు కోసం ఈ మందును ఆపడం తగదు. అజిత్రోమైసిన్ అందరికీ దీనికి సమానమైన ప్రత్యామ్నాయం కాదు. ఎలుకల టైఫస్ రోగులపై లావోస్ దేశంలో జరిపి 2019లో ప్రచురించిన పరిశోధనలో అజిత్రోమైసిన్ కన్నా డాక్సీసైక్లిన్ మెరుగైనదని రుజువైనది. తీవ్రమైన స్క్రబ్ టైఫస్ విషయంలో మాత్రం ఈ రెండు మందులను కలిపి నరం ద్వారా ఇవ్వడం మేలని, భారతదేశంలో 794 మంది రోగులపై జరిపి 2023లో ప్రచురించిన పరిశోధన వెల్లడించింది.

పరీక్షలతో ఒక చిక్కు

ఈ వ్యాధి నిర్ధారణకు వాడే రక్త పరీక్షలు అధికంగా శరీరంలో పుట్టే యాంటీబాడీలను వెదికేవి. అవి మొదటి వారం ముగిసే వరకు సరిగా కనిపించవు. నాలుగో రోజున తీసిన రక్తంలో ‘నెగటివ్’ వచ్చిందంటే వ్యాధి లేదని కాదు, ఇంకా తెలియరాలేదని అర్థం. వీల్-ఫెలిక్స్ పరీక్ష 1916 నాటిది. చవకైనదే గాని నమ్మకం తక్కువ.

రెండో చిక్కు ఇంతకన్నా ముఖ్యమైనది. 2025 నాటి అప్రమత్తత ఫలితంగా ప్రజలకు పరిచయమైనది స్క్రబ్ టైఫస్ ఎలైసా పరీక్ష. స్క్రబ్ టైఫస్ కారకం ఓరియెన్షియా అనే వేరొక జాతికి చెందినది. ఆ పరీక్ష ఎలుకల టైఫస్‌ను పట్టుకోవడానికి ఉద్దేశించినది కాదు. స్క్రబ్ టైఫస్ లేదని నివేదిక వచ్చిన రోగిలో ఎలుకల టైఫస్ ఉండవచ్చును. కనుకనే, అనుమానం బలంగా ఉన్నపుడు నివేదిక కోసం ఎదురు చూడకుండా చికిత్స ప్రారంభించాలని మార్గదర్శకాలు స్పష్టం చేస్తున్నాయి. రెండు టైఫస్‌లకూ, డెల్టాలో కనిపించే మరో ఎలుక సంబంధిత వ్యాధి లెప్టోస్పైరోసిస్‌కూ డాక్సీసైక్లిన్ పనికి వస్తుందన్నది ఇక్కడ కలిసి వచ్చే అంశం. క్షేత్రస్థాయిలో వైద్యాధికారికి పేరు తేలకపోయినా మందు తేలుతుంది.

గోరఖ్‌పూర్ నేర్పిన పాఠం

రికెట్సియా తరగతి జ్వరాలు మెదడువాపు పేరుతో ఎంతకాలం మరుగున ఉండగలవో ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ అనుభవం తెలుపుతుంది. ఏటా వర్షాకాలంలో అక్కడ వందలాది పిల్లలు మెదడువాపుతో ఆసుపత్రుల పాలయ్యేవారు. తొలుత జపనీస్ ఎన్‌సెఫలైటిస్ కారణమని టీకాలు వేశారు. టీకాల తరువాతా మరణాలు ఆగలేదు. 2015, 2016లలో జరిగిన పరిశోధనలలో అక్కడి మెదడువాపు కేసులలో సగానికి మించి స్క్రబ్ టైఫస్ వలన కలిగినవని తేలింది. దరిమిలా, జ్వరం దశలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్సీసైక్లిన్ లేదా అజిత్రోమైసిన్ ఇచ్చే పద్ధతిని అక్కడ చేపట్టారు. లావోస్ రాజధాని వియంటియాన్‌లోని మహోసోత్ ఆసుపత్రిలో 2003 నుండి 2011 వరకు సాగిన అధ్యయనం, మెదడు ఇన్‌ఫెక్షన్ల కారణాలలో ఎలుకల టైఫస్‌ను, స్క్రబ్ టైఫస్‌ను, లెప్టోస్పైరోసిస్‌ను చేర్చింది. లావోస్ సైతం వరి పండే దేశమే.

ఈ జ్వరం పేద దేశాలకే పరిమితమన్న అపోహ అవసరం లేదు. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ కౌంటీలో 2010లో 31గా ఉన్న కేసులు 2022 నాటికి 171కి పెరిగి, ఆ ఏడాది ముగ్గురు మరణించారు. కేరళలో, 2024లో వియత్నాం, కంబోడియాల నుండి తిరిగి వచ్చిన ఒక వృద్ధునిలో ఎలుకల టైఫస్‌ను జన్యు పరీక్ష ద్వారా గుర్తించారు. ఆంధ్రప్రదేశ్ విషయానికి వస్తే, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 2010 దశకంలోనే స్క్రబ్ టైఫస్‌పై పరిశోధన పత్రాలు ప్రచురించారు. 2025లో వెలువడిన అంకెలు కొత్తవి కావచ్చు గాని, వ్యాధి కొత్తది కాదు.

వార్త వ్రాసేటపుడు

‘అంతుచిక్కని జ్వరం’, ‘వింత వ్యాధి’ అన్న శీర్షికలు ప్రజలలో భయాన్ని పెంచుతాయే గాని ఎటు పోవాలో చెప్పవు. ఉభయ గోదావరి జిల్లాల పాత్రికేయులకు 2020 డిసెంబరు నాటి ఏలూరు సంఘటన గుర్తుండే ఉంటుంది. వందలాది మంది ఫిట్స్‌తో ఒక్కసారిగా ఆసుపత్రికి చేరారు. అది జ్వరంతో మొదలైన వ్యాధి కాదు. పరీక్షలలో పురుగుమందుల అవశేషాల వైపు, లోహాల వైపు వ్రేళ్ళు చూపబడినాయి. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో 329 మంది పిల్లలకు సోకి 183 మందిని బలిగొన్న చాందీపుర వైరస్ మెదడువాపు మరో తీరు. అందులో జ్వరం మొదలైన ఒకటి రెండు రోజులలోనే పిల్లలు స్పృహ తప్పారు. టైఫస్‌లో అటుల గాక, వారం పది రోజుల జ్వరం ముందు నడుస్తుంది. కనుక ఫిట్స్ వచ్చిన రోగి గురించి విలేకరి అడగవలసిన మొదటి ప్రశ్న: జ్వరం ఎన్ని రోజుల నుండి ఉన్నది? రెండోది: ఇప్పటి వరకు ఏ మందు వాడారు? ఆ రెండు జవాబులు వార్తలో ఉంటే చదివే వైద్యునికి సైతం ఉపయోగపడతాయి.

ఎలుకలను చంపే ముందు

ఎలుకల నివారణ అనగానే విషపు ఎర పెట్టడం ఆనవాయితీ. బొరియల దగ్గర వెదురు బుట్టలు పెట్టి ఎలుకలు పట్టడం డెల్టాలో తరాలుగా వస్తున్న వృత్తి. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు వరి పరిశోధన స్థానంలో ఎలుకల నియంత్రణపై అఖిల భారత స్థాయి పరిశోధన కేంద్రం పనిచేస్తుండగా, బ్రోమాడియోలోన్ ఎరను సామూహికంగా పెట్టే కార్యక్రమాలు వ్యవసాయ శాఖ ద్వారా జరుగుతుంటాయి. పైరు దృష్ట్యా ఇవి అవసరమే. ఇంటిలోనూ గోదాములోనూ మాత్రం క్రమం మారాలి. ఎలుక చనిపోయి చల్లబడగానే దాని ఒంటిమీది ఫ్లీలు కొత్త రక్తం కోసం బయలుదేరుతాయి. దగ్గరలో దొరికేది మనిషే. అందువలన ముందుగా, లేదా కనీసం అదే సమయంలో, ఎలుకలు తిరిగే దారులలో, బొరియల వద్ద ఫ్లీలను చంపే పొడిమందు చల్లాలి. తరువాతనే ఎర పెట్టాలి. అమెరికాలో 1944లో 5,000 దాటిన ఎలుకల టైఫస్ కేసులు ఆ పిదప కొన్నేళ్ళలో పడిపోవడానికి 1945 నుండి ఎలుకల దారులలో డి.డి.టి. పొడి చల్లడం, ఎలుకల నిర్మూలన రెండూ కలిసి నడవడమే కారణం. చచ్చిన ఎలుకను చేతితో తాకరాదు. చేతి తొడుగులు గానీ, చేతికి ప్లాస్టిక్ సంచి గానీ చుట్టుకుని తీసి పూడ్చాలి. ఎండిన ఎలుక పెంటికలను పొడిగా ఊడ్వకుండా, నీటితో తడిపి తీయడం మంచిది. పెంపుడు పిల్లులకు, కుక్కలకు ఫ్లీల నివారణ మందులను పశువైద్యుని సలహాపై వాడవచ్చును.

జ్వరం ఐదు రోజులు దాటినా, తలనొప్పి తగ్గకున్నా, మనిషి మాటలో గానీ నడకలో గానీ తేడా కనిపించినా పిఠాపురం ప్రభుత్వ ఆసుపత్రికి గానీ, సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గానీ ఆలస్యం లేకుండా తీసుకు వెళ్ళాలి. ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా 108 వాహనాన్ని పిలిచి, కాకినాడ ప్రభుత్వ సాధారణ ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రికి తరలించడం అవసరం. రోగి వెంట వెళ్ళేవారు అప్పటి వరకు వాడిన మందుల చీటీలన్నింటినీ తీసుకు వెళ్ళాలి. ఇంట్లో గానీ, పనిచేసే గోదాములో గానీ ఎలుకలు ఉన్నదీ లేనిదీ, ఇటీవల చచ్చిన ఎలుకలు కనిపించినదీ లేనిదీ వైద్యునికి అడగకముందే చెప్పాలి.